బావ మాటకు అవునన్న రోజు

గ్రౌండులో గీతలు గీయడం కూడా ఒక ఉద్యోగమేనా అని అడిగేవాళ్ళకు జవాబు చెప్పడం గీతలాయన ఎప్పుడో మానేశాడు. ఉద్యోగమే మరి. అందులోనూ ఒకే గ్రౌండు మీద రెండు ఆటలకు గీతలు గీయడమంటే ఇద్దరు అత్తల నడుమ కాపురం చేసినట్టే. రవాణా సంస్థ కార్మికుల క్లబ్బుకు ఉన్నది ఒక్కటే మైదానం. శనివారం అక్కడ గుండ్రటి బంతితో ఫుట్‌బాల్ ఆడతారు. ఆదివారం కోలబంతితో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడతారు. మొదటిదానికి తెల్ల గీతలు, రెండోదానికి పసుపు గీతలు. వల కట్టిన గోలుపోస్టు నెత్తి మీదే మళ్ళీ రెండు పొడుగాటి ఇనప స్తంభాలు పైకి లేచి ఉంటాయి, అవి ఆదివారం వాళ్ళవి. "ఈ పసుపు గీతలతో మా గోల్‌కీపరుకు కళ్ళు తిరుగుతున్నాయయ్యా" అని శనివారం వాళ్ళ గోల. "మధ్యలో ఆ తెల్ల గుండ్రం ఎందుకయ్యా, సర్కస్ పెట్టడానికా?" అని ఆదివారం వాళ్ళ గోల. ఇద్దరి తిట్లూ తింటూ రంగుబండి తోసుకుంటూ తిరిగేవాడు గీతలాయన.

పోనీ అతనికి పక్షపాతం లేదా అంటే, నిలువునా ఉంది. వయసులో ఉన్నప్పుడు శనివారం జట్టుకు వెనక వరస కాచినవాడు, ఎత్తుగా వచ్చిన బంతినల్లా తలతో కొట్టి పంపినవాడు. కాబట్టి తెల్ల గీత మీద బండిని రెండుసార్లు నడిపి దట్టంగా గీసేవాడు. పసుపు గీతను మొక్కుబడిగా లాగించేసేవాడు. ఆ దొంగతనం కనిపెట్టిన మనిషి లోకంలో ఒక్కడే, అతని బావ.

బావంటే స్వయానా అక్క మొగుడు. బస్సు డిపోలో బ్రేకుల మెకానిక్కు. ఆదివారం జట్టులో ముందు వరసలో నడిమనిషి. బంతిని కాళ్ళ సందులోంచి వెనక్కి అందించడం, మరుక్షణమే ఎదుటివాడికి తలా భుజాలూ అడ్డుపెట్టడం, ఇదీ అతని పని. అసలు వీళ్ళకు చుట్టరికం కలిసిందే కొట్లాటతో. ఒక వారం గ్రౌండు మాదంటే మాదని రెండు జట్లూ తగువుపడ్డాయి. తేల్చుకుందాం రమ్మంటే బావ ఏకంగా ఇంటి మీదికే వచ్చాడు. గుమ్మంలో గీతలాయన అక్క కనిపించింది. "మీ తమ్ముడు ఉన్నాడా?" అని అరవబోయినవాడు "మంచినీళ్ళు ఇస్తారా?" అన్నాడు. అంతే. గ్రౌండు సంగతి ఆ రోజుకు తేలలేదు, పెళ్ళి సంగతి తేలిపోయింది.

గ్రౌండు సంగతి ఆ తర్వాత కూడా తేలలేదు లెండి. ఇద్దరూ పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. బావ బామ్మర్దిని 'సున్నా' అని పిలిచేవాడు.

"ఏరా సున్నా, నిన్న మీవాళ్ళు తొంభై నిమిషాలు ఎగశ్వాస దిగశ్వాస అయ్యేలా ఉరికి ఎంతకు ఎంత చేశారు?"

"సున్నాకు సున్నా. అయితే?"

"అయితే ఏముంది, దానికంటే బస్టాపులో నిలబడితే నాలుగు బస్సులైనా వస్తాయి కదరా."

"మీది మాత్రం? నాలుగడుగులు పోవడం, కుప్పగా పడటం, లేచి చర్చలు. ఆటా అది, పంచాయితీనా? గుడ్డు ఆకారంలో బంతి, దానికి తోడు నెత్తి మీద బిందె బోర్లించుకుని!"

ఆటలు తేలకపోతే ఆటగాళ్ళ మీద పడేవారు. బావకు అమెరికన్ ఫుట్‌బాల్ వీరుడు బ్రేడీ అంటే పిచ్చి. "ఏడు సూపర్ బౌల్ కప్పులు గెలిచాడురా. మీ పెలే ప్రపంచ కప్పులు మూడేగా?" అనేవాడు. "పెలే తన కాళ్ళతో గెలిచాడు. మీవాడు విసిరేసి పోయి బెంచీ మీద కూర్చుంటాడు" అని గీతలాయన. మారడోనా ఇంగ్లండు జట్టును సగం గ్రౌండు నుంచి చీల్చుకుంటూ పోయి కొట్టిన గోలు సంగతి ఎత్తితే, "అదే ఆటలో దానికి ముందు గోలు చేత్తో కొట్టాడు కదరా మీ దేవుడు! చేతులు అంత దురద పెడితే మా ఆటకు రావాల్సింది" అని బావ పొట్ట పట్టుకుని నవ్వేవాడు. బంతి పట్టడంలో మొనగాడు జెర్రీ రైస్ చిన్నప్పుడు అన్నలు విసిరిన ఇటుకలు పట్టుకుని చేతులు గట్టిపరచుకున్నాడని బావ చెబితే, పెలే మేజోట్లో కాగితాలు కుక్కి దాన్నే బంతి చేసుకున్నాడని గీతలాయన చెప్పేవాడు. ఆ ఒక్క చోట మాత్రం ఇద్దరి తగువూ ఆగేది. వాళ్ళ ఇళ్ళలోనూ బంతి కొనే స్తోమత ఉండేది కాదు.

"ఎవరి ఆట వాళ్ళకు గొప్ప, ఇక ఆపండ్రా బాబూ" అని అక్క ఎన్నిసార్లు మొత్తుకుందో. ఆ మాటంటే ఇద్దరికీ ఒకేలా ఒళ్ళు మండేది.

బావకు మతిమరుపు మొదలైనప్పుడు ముందు ఎవరూ పట్టించుకోలేదు. పనిముట్లు ఎక్కడ పెట్టాడో వెతుక్కునేవాడు, వయసు కదా అనుకున్నారు. తర్వాత డిపో నుంచి ఇంటికి దారి మరిచిపోయాడు. ఉద్యోగం వదిలేయాల్సి వచ్చింది. కూతురు పేరు పోయింది, అల్లుడి మొహం పోయింది. ఆఖరికి ఒకనాడు అక్క కాఫీ తెచ్చిస్తే, "మా ఆవిడ వచ్చే వేళయింది, నువ్వు ఇక వెళ్ళమ్మా" అన్నాడు. ఆ మాటకు అక్క వంటింట్లోకి పోయి గిన్నెలు తోముతూ ఏడ్చింది. తోమినవే మళ్ళీ తోమింది.

స్కానింగు చూసిన డాక్టరు "కుర్రతనంలో తలకు దెబ్బలేమైనా తగిలాయా?" అని అడిగాడు. అక్క తమ్ముడి వంక చూసింది. దెబ్బలా? వారం వారం, ఆటకు ఇరవై ముప్ఫైసార్లు, తలకు తల, పొట్టేళ్ళలా. ఆ దెబ్బలే కారణం అయి ఉండొచ్చు, కాకపోనూవచ్చు అన్నాడు డాక్టరు. గీతలాయన తన నుదురు ఒకసారి తడుముకున్నాడు. మొత్తానికి జన్మజన్మల తగువును తేల్చేసే మాట ఆ రోజు అతని చేతికి చిక్కింది. 'నీ ఆట నీ తలను తినేసింది బావా' అంటే చాలు, బావ దగ్గర దానికి జవాబు లేదు. గీతలాయన ఆ మాటను నోటిదాకా రానివ్వలేదు. అలాంటి గెలుపు కుక్కలక్కూడా వద్దు.

ఇంత పోయినా, బావకు ఒక్క మనిషి మిగిలాడు. ఎవరో చెప్పాలా? గీతలాయన గుమ్మంలో అడుగుపెట్టి, "ఏం బావా, మీ గుడ్డు పొదిగిందా?" అంటే చాలు, ఆ కళ్ళలో దీపం వెలిగేది. "రారా సున్నా! పసుపు గీత పల్చగా గీశావంట, నా చెవిన పడిందిలే" అని మొదలుపెట్టేవాడు. భార్య పేరు తెలియని మనిషి పాతకాలపు ఆటగాడు మోంటానా ఏ జట్టులో ఆడాడో తడుముకోకుండా చెప్పేవాడు. ఆ గంటసేపూ అక్క వంటింటి తలుపు పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చునేది. లోపలికి వచ్చేది కాదు, వస్తే మళ్ళీ "ఎవరమ్మా నువ్వు?" అంటాడని భయం. గోడ అవతల నుంచి వినబడేది ఆమె మొగుడి గొంతు, ఆమె మొగుడి నవ్వు.

కూతురు మాత్రం రోజూ ఫోన్లో ఒకటే పోరు, నాన్నను సంరక్షణ కేంద్రంలో పెట్టేద్దామని. ఆమెను అని ఏం లాభం? తల్లి చేతుల మీద గోళ్ళ గాట్లు చూసిన పిల్ల. స్నానం చేయించబోతే దొంగ అనుకుని రక్కుతున్నాడాయె.

"ఒక్కడినైనా గుర్తుపడుతున్నాడు కదే. మీ నాన్న నా తమ్ముడిని గుర్తుపట్టినంత కాలం నా ఇంట్లోనే ఉంటాడు. ఆ తర్వాత నీ ఇష్టం" అంది అక్క. కూతురు సరేనంది. అలా బావ ఇంట్లో ఉండాలా పోవాలా అన్నది బామ్మర్ది నోటి మీద ఆధారపడింది.

గీతలాయన ఉదయం పూట బావను గ్రౌండుకు కూడా తీసుకుపోయేవాడు. నూలుతాడు ఒక కొస బావ చేతికిచ్చి అక్కడ నిలబెడితే, రెండో కొస పట్టుకుని తను అవతలికి పోయి మేకు కొట్టేవాడు. తాడు వెంబడి రంగుబండి నడిపేవాడు. బావ తాడు మాత్రం వదిలేవాడు కాదు. మధ్యమధ్య "ఇది ఎన్నో గజం రా?" అని అరిచేవాడు, తప్పు చెబితే తిట్టేవాడు.

అన్నీ సవ్యంగా జరిగితే ఇక చెప్పుకునేందుకు ఏముంది. ఒక సాయంత్రం ఇంట్లో మెస్సీ మీద వాదన ముదిరింది. "ముప్ఫై అయిదేళ్ళ వయసులో కప్పు తెచ్చాడు" అని గీతలాయన అంటే, "బ్రేడీ నలభై దాటాక తెచ్చాడురా, నలభై దాటాక!" అని బావ ఊగిపోతూ లేచాడు. లేచినవాడు లేచినట్టే వెనక్కి తూలి బల్ల అంచు మీద పడ్డాడు. కణత దగ్గర చిట్లి నెత్తురు. అక్క పరుగున వచ్చి తల ఒళ్ళోకి తీసుకుంటే, ఆమెను విదిలించుకుని "సున్నా, వీళ్ళని పొమ్మను" అన్నాడు.

కుట్లు వేసిన డాక్టరు అందరినీ కూర్చోబెట్టి చీవాట్లు పెట్టాడు. రక్తపోటు ఆకాశంలో ఉందన్నాడు. "ఇలాంటి రోగులతో వాదించకూడదండీ. ఆయన రాత్రిని పగలంటే పగలనే అనండి. ఎదురు చెప్పొద్దు" అన్నాడు. మంచి డాక్టరే, మంచి మాటే. పుస్తకంలో ఉన్న మాటే చెప్పాడు, ఈ బావాబామ్మర్దుల సంగతి ఆ పుస్తకంలో ఎవరు రాస్తారు?

ఆటోలోంచి దిగుతూనే అక్క తమ్ముడి చెయ్యి తీసుకుని తన నెత్తిన పెట్టుకుంది.

"ఇక మీదట ఆయనకు ఎదురు చెప్పనని నా మీద ఒట్టేయి."

"అక్కా, వాదించకపోతే మేమేం మాట్లాడుకుంటాం?"

"ఏదో ఒకటి మాట్లాడండి. అవునను. పోయేదేముంది? నీ నోటి ముత్యాలేమైనా రాలిపోతాయా?"

నిజమే, పోయేదేముంది అనుకున్నాడు గీతలాయన. ఒట్టేశాడు.

మొదటి రోజు బావ "పెలే కంటే బ్రేడీ మేలు" అంటే "అలాగే బావా" అన్నాడు. బావ ఆశ్చర్యపోయి అతని నుదుటి మీద చెయ్యి వేసి చూసి, "జ్వరమేంట్రా సున్నా?" అన్నాడు. వంటింట్లో అక్క కూడా నవ్వుకుంది. మరునాడు "అవును బావా" అన్నప్పుడు బావ నవ్వలేదు. తల పక్కకు వంచి, చేతిలో చెల్లని నాణెం పెట్టినవాణ్ణి చూసినట్టు చూశాడు. ఆ చూపు గీతలాయనకు గుండెలో గుచ్చుకుంది. అక్కడే ఆగి ఉండాల్సింది. ఒట్టు గట్టున పెట్టి "నీ బ్రేడీ బోడి" అని ఉండాల్సింది. కానీ కణత మీద కుట్లు కనబడుతున్నాయి కదా, నోరు రాలేదు.

ఆ వారం చివర్లో వానకు గీతలన్నీ కొట్టుకుపోయాయి. వాన వెలిశాక ఇద్దరూ గ్రౌండుకు వెళ్ళారు. తడిసిన గడ్డి, ఎండ చురుక్కుమంటోంది. బావ మనసు సంతోషపెడదామని గీతలాయన ఆ రోజు ముందుగా పసుపు రంగే కలిపాడు. పసుపు గీత మీద బండిని రెండుసార్లు నడిపాడు. తన ఉద్యోగ జీవితంలో అలా నడపడం అదే మొదలు. బావ తాడు కొస పట్టుకుని చూస్తున్నాడు.

"ఎందుకు రెండుసార్లు?" అని అడిగాడు.

"దట్టంగా ఉండాలి కదా బావా. నీ ఆట గీతలు." గీతలాయన బండి వదిలేసి దగ్గరికి వచ్చాడు. ఎన్నాళ్ళుంటాడో తెలియని మనిషికి ఒక్కసారైనా గెలుపు చేతిలో పెడదామనిపించింది. ఒట్టు కోసం కాదు, నిజంగానే, ప్రేమతోనే అన్నాడు. "నువ్వే గెలిచావు బావా. బ్రేడీయే గొప్ప. నీ ఆటే గొప్ప. నేనే ఇన్నాళ్ళూ మొండికేశాను."

బావ చేతిలోంచి తాడు జారిపోయింది. గీతలాయన మొహంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత రెండడుగులు వెనక్కి వేసి, చొక్కా సర్దుకుని, మర్యాదగా అడిగాడు.

"ఎవరండీ మీరు?"

"బావా, నేను. సున్నాగాణ్ణి."

"మా సున్నాగాడు ఆ మాట అనడండీ. చచ్చినా అనడు. మీరెవరో పొరబడ్డారు."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ క్షణంలో గీతలాయనకు తెలిసింది. నోటికొచ్చిందల్లా అన్నాడు. "ఊరికే అన్నాను బావా! నీది ఒక ఆటేనా? గుడ్డు బంతి! బెంచీ ఆట! పెలే కాలిగోటికి చాలడు నీ బ్రేడీ!" బావ బెదిరి ఇంకో అడుగు వెనక్కి వేశాడు. గీతలాయన ఏడుస్తూ, ఇన్నాళ్ళూ పళ్ళ వెనక తొక్కి పట్టిన మాటను కూడా వదిలేశాడు. "నీ ఆట నీ తలను తినేసింది బావా! చూడు, నీకు నేనెవరో కూడా తెలియకుండా చేసింది!"

దీనికైనా చెంప పగలగొడతాడేమో అని ఆశగా నిలబడ్డాడు. కొడితే బాగుండునని దేవుళ్ళందరికీ దండం పెట్టుకున్నాడు.

బావ జాలిపడ్డాడు. పరాయివాణ్ణి ఓదార్చినట్టు అన్నాడు. "ఎందుకండీ ఆవేశం? ఎవరి ఆట వాళ్ళకు గొప్ప."

ఇంటికి తీసుకువచ్చాక సంగతి విని అక్క బయటికి వచ్చింది. తమ్ముడి పక్కన మెట్ల మీద కూలబడింది. "ఒట్టు వేయించుకుంది నేనే కదరా" అంది. "వేసింది నేను కదా అక్కా" అన్నాడు తమ్ముడు. తర్వాత ఎన్ని రోజులు ప్రయత్నించాడో. గుమ్మంలోంచే గుడ్డు పొదిగిందా అని కేకలేశాడు, మారడోనాను ఎత్తాడు, పాత జెర్సీ తొడుక్కుని వచ్చాడు. బావ ప్రతిసారీ లేచి కుర్చీ చూపించేవాడు, "కూర్చోండి" అనేవాడు. ముక్కాలిపీట మీద కూర్చుని వినడానికి అక్కకు ఇక ఏమీ లేదు. కూతురికి ఇచ్చిన మాట ఇచ్చిన మాటే. ఒక పొద్దున కేంద్రం వాళ్ళ బండి వచ్చింది. బావ ఎక్కనని పేచీ పెట్టలేదు. పేచీ పెట్టడం ఆ రోజు గ్రౌండులోనే మరిచిపోయి వచ్చాడు.

కేంద్రంలో పొడుగాటి వరండా, గోడవారగా ఆకుపచ్చ ప్లాస్టిక్ కుర్చీలు. బావ ఎప్పుడూ గేటు కనబడే కుర్చీలోనే కూర్చుంటాడని ఆయా చెప్పింది. గీతలాయన పక్క కుర్చీలో కూర్చున్నాడు. చేతివేళ్ళకు పసుపు రంగు ఇంకా అంటుకునే ఉంది.

"ఎవరి కోసం వచ్చారండీ?" అని అడిగాడు బావ.

"చుట్టాల కోసం."

"నాకూ మా బామ్మర్ది రావాలి. సున్నాగాడు. గ్రౌండులో గీతలు గీస్తాడు. ఆట తెలియదు కానీ మనిషి బంగారమండీ." బావ గేటు వంక చూశాడు. "ఇదివరకు రోజూ వచ్చేవాడు. ఈ మధ్య రావడం మానేశాడు. నేనే ఏదో అని ఉంటాను, నా నోరు మంచిది కాదు. అలిగాడు."

గీతలాయన వేళ్ళకున్న పసుపు రంగును గోటితో గీక్కున్నాడు.

బావ కొంచెం దగ్గరికి వంగి, గుట్టు చెబుతున్నట్టు గొంతు తగ్గించాడు. "ఈసారి వస్తే ఒప్పేసుకుంటానండీ. నీ మారడోనాయే గొప్పరా, నీ ఆటే గొప్పరా, నువ్వే గెలిచావు అని చెప్పేస్తాను. పాపం, సంతోషిస్తాడు."

"వద్దండీ" అన్నాడు గీతలాయన. బావ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. "మీకు దండం పెడతాను, ఒప్పుకోవద్దు. చచ్చినా ఒప్పుకోవద్దు."

"ఎందుకండీ?" అని బావ అమాయకంగా అడిగాడు. జవాబు వచ్చేలోపే వీధిలో ఎవరో గేటు తీసిన చప్పుడైంది. చెయ్యి మెల్లగా విడిపించుకుని అటు తిరిగాడు. వచ్చింది పాలబండి అతను.